అన్నీ అర్జెంటే అయినప్పుడు వారం ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: విశాఖపట్నం మధురవాడలో ఇల్లు, రుషికొండ ఐటీ సెజ్‌లో ఉద్యోగం. శని, ఆదివారాలు సెలవు. భర్తకు గాజువాక వైపు ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. అత్తగారికి సుగర్, బాబు పదో తరగతి. ఆఫీసు పని కాక ఒక సర్టిఫికేషన్ పరీక్ష, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు, వచ్చే నెలలో ఆడపడుచు కూతురి పెళ్లి. "అర్జెంట్, ముఖ్యం అని నాలుగు గడులు గీసి పనులన్నీ రాశాను. దాదాపు అన్నీ "అర్జెంటూ, ముఖ్యమూ" అన్న మొదటి గడిలోనే పడ్డాయి. వారం ఎలా ప్లాన్ చేసుకోవాలో తెలియడం లేదు."

సమాధానం:

అమ్మా, మీరు గడులు బాగానే గీశారు. వాటిలో పనులు వేయడానికి మీ దగ్గర కొలత లేదు, అంతే. నేను గాజువాక వైపు ఒక పెద్ద ప్లాంటులో మెయింటెనెన్స్ ప్లానింగ్ చూసి రిటైరైన మనిషిని. మీకొచ్చిన ఇబ్బంది మాకు రోజూ ఉండేది. ఏ సెక్షన్ నుంచి జాబ్ కార్డ్ (ఫలానా రిపేరు చేయమని అడిగే కాగితం) వచ్చినా దాని మీద ఎర్ర పెన్నుతో "అర్జెంట్" అని రాసి ఉండేది. బేరింగ్ వేడెక్కి వాసన వస్తున్న కన్వేయరూ అర్జెంటే, ఆఫీసు రూములో ఏసీ నీళ్లు కారడమూ అర్జెంటే. అలా రాయకపోతే తమ పని ఎవరూ పట్టించుకోరని వాళ్ల భయం. తీరా అందరూ అదే మాట రాసేసరికి దానికి విలువ పోయి, పొద్దున మీటింగ్‌లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని ముందు జరిగేది.

దీనికి మందు చాలా చిన్నది. కార్డు మీద "అర్జెంట్" అని టిక్కు పెట్టే చోటు తీసేసి రెండు ప్రశ్నలు పెట్టాం. ఈ పని ఏ తేదీలోగా కావాలి? ఆ తేదీ దాటితే ఏమవుతుంది? రెండో ప్రశ్న దగ్గర చాలామంది పెన్ను ఆగిపోయేది. "ఏమవుతుంది" అన్నదానికి "ఇబ్బంది అవుతుంది" అని రాస్తే మేం ఒప్పుకునేవాళ్లం కాదు. ఏ మిషన్ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, మనిషికి ప్రమాదం ఉందా, ఇలా రాయాలి. మీ పట్టికను పక్కన పెట్టి, ప్రతి పని ఎదురుగా ఈ రెండింటికీ జవాబు రాయండి. మొదటిది ఎంత తొందరో చెప్తుంది, రెండోది ఎంత ముఖ్యమో చెప్తుంది. గడులు వాటంతటవే తేలతాయి.

మనసుకి ఈ రెండూ ఒకేలా ఎందుకు కనిపిస్తాయో పరిశోధన చేసినవాళ్లున్నారు. 2018లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో ఒక పత్రం వచ్చింది. రెండు పనులు ముందు పెట్టి, తక్కువ ప్రతిఫలం వచ్చేదానికి దగ్గరి గడువు, ఎక్కువ వచ్చేదానికి దూరపు గడువు పెడితే, చాలామంది తక్కువ వచ్చేదానివైపే వెళ్లారు. గడువు దగ్గర పడుతోందన్న ఒక్క కారణం చాలు. తమకు ఎప్పుడూ తీరిక ఉండదనుకునే వాళ్లలో ఇది మరీ ఎక్కువట. చివర్లో చేతికి ఏం వస్తుందో గుర్తు చేస్తే మాత్రం ఆ మొగ్గు తగ్గింది. పైన చెప్పిన రెండో ప్రశ్న చేసే పని అదే.

ఈ నాలుగు గడులకు ఐసెన్‌హోవర్ పేరు పెట్టి చెప్తుంటారు కదా. 1954లో అమెరికా అధ్యక్షుడిగా ఉండగా ఎవాన్‌స్టన్‌లో మాట్లాడుతూ ఆయన అర్జెంట్ సమస్యలు వేరు, ముఖ్యమైన సమస్యలు వేరు అన్నమాట నిజమే. అది కూడా ఒక మాజీ కాలేజీ అధ్యక్షుడు చెప్పిన మాటగానే చెప్పారు. గడులు కట్టడం తర్వాతి వాళ్ల పని. ఎందుకు చెప్తున్నానంటే, ఆ బొమ్మ మీద అంత భక్తి అక్కర్లేదు. పనులు విడదీసేదాకా అది పనికొస్తుంది. వారం ఎలా నడపాలో అందులో లేదు.

ఇక మీ పనుల్లోకి వద్దాం. స్కూటీ ఇన్సూరెన్స్ శనివారంతో అయిపోతుందని రాశారు. దానికి తేదీ ఉంది, దాటితే దెబ్బ ఉంది. ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డెక్కించడం నేరం. ఏదైనా జరిగితే ఎదుటి మనిషికి కట్టాల్సిన పరిహారం మీ మీద పడుతుంది. గడువు దాటి 90 రోజులైతే అప్పటిదాకా కూడిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఫోన్‌లో పది నిమిషాల పని. దీన్ని ప్లాన్‌లో రాయడం కూడా దండగ, ఇది చదవడం ఆపి కట్టేసి రండి.

అన్ని గడువులూ ఇలా ఉండవు. కొన్ని దాటితే కాస్త డబ్బు పోతుంది, అంతే. జీవీఎంసీకి (మన విశాఖ కార్పొరేషన్‌కి) కట్టే ఇంటి పన్ను ఏడాది మొత్తానిదీ ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు. ఆ రోజు ఇంట్లో ఒంట్లో బాగోకపోతే ఆ 5 శాతం వదిలేసుకోవచ్చు, కొంప మునగదు. కొన్ని గడువులైతే ఎవరో నోటికొచ్చింది చెప్పినవే. అసోసియేషన్ గ్రూపులో "లెక్కలు రేపటికల్లా పెట్టాలి" అని ఒకాయన రాశారన్నారు. రేపు పెట్టకపోతే ఏమవుతుంది? ఆయన ఇంకో మెసేజ్ పెడతారు. నెలాఖరు మీటింగ్‌లో అందరి ముందూ పెట్టాలి కాబట్టి అసలు తేదీ అది. గ్రూపులో "నెలాఖరు మీటింగ్‌కి తెస్తాను సార్" అని ఒక్క ముక్క రాసి వదిలేయండి.

మీ మేనేజర్ గారు అర్జెంటుగా అడిగారన్న రిపోర్టు సంగతి కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ మీరు జవాబు రాసుకుంటే చాలదు, ఆయన్నే అడగాలి. "ఎప్పటికి కావాలి సార్" అంటే "వీలైనంత తొందరగా" అనే వస్తుంది. అలా అడగకండి. "ఇది ఏ రివ్యూలో వాడతారు సార్" అని అడగండి. సోమవారం క్లయింట్ కాల్‌లో అంటే శుక్రవారం సాయంత్రానికి ఇస్తే సరిపోతుంది. గంటలో ఎవరికో పంపాలి అంటే అది నిజంగానే అర్జెంట్, వెంటనే కూర్చోండి. మన దగ్గర పెద్దవాళ్లను తేదీ అడగడం మర్యాద కాదేమో అన్న మొహమాటం ఒకటి ఉంటుంది. వాడకం గురించి అడిగితే ఆ మొహమాటం ఉండదు, పని మీద శ్రద్ధ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు తేదీ చూసి "ఇంకా టైముంది" అనుకున్న పనుల్లో రెండు నిజానికి ఇప్పుడే తొందరవి. మేం ఏ పనికైనా పూర్తి కావాల్సిన తేదీతో పాటు, ఆఖరికి ఎప్పుడు మొదలుపెట్టినా సరిపోతుందో ఆ తేదీ కూడా వేసుకునేవాళ్లం. మిషన్లు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ మే నెలలో అయినా, స్పేర్ పార్ట్ రావడానికి నాలుగు నెలలు పడితే ఆర్డర్ జనవరిలో పెట్టాలి. కాబట్టి ఆ పని జనవరిలోనే అర్జెంట్. పెళ్లి వచ్చే నెలే అయినా చీరల షాపింగ్‌కి గడువు పెళ్లి రోజు కాదు. ముహూర్తాల సీజన్‌లో టైలర్లు ముందే చేతులెత్తేస్తారు. జాకెట్ గుడ్డ టైలర్ చేతిలో పడాల్సిన రోజే అసలు గడువు. ఈ రోజే ఫోన్ చేసి "ఎప్పటికి ఇస్తే కుడతావమ్మా" అని అడగండి, ఆ తేదీ రాసుకోండి.

పెళ్లి పనిని "ముఖ్యం కాదు" గడిలో వేయమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. నేనైతే ఒప్పుకోను. ఆఫీసుల కోసం తయారైన పద్ధతులు చుట్టరికాలను టైం వేస్టు కింద లెక్కేస్తాయి. ఆడపడుచు ఇంట్లో మొదటి పెళ్లికి మేనమామ భార్యగా నిలబడాల్సిన మనిషి చివరి నిమిషంలో వస్తే, ఆ మాట పదేళ్లు వినాలి. దాటితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు అది సరైన జవాబే. అయితే పెళ్లిలో మీరు ఉండటం ముఖ్యం. మ్యాచింగ్ గాజుల కోసం జగదాంబ సెంటర్‌కి మూడుసార్లు తిరగడం ముఖ్యం కాదు. రెంటినీ విడిగా రాసుకోండి.

రెండోది బాబు లెక్కలు. టెన్త్ పరీక్షలు మార్చిలో. త్రికోణమితి అసలు రావడం లేదని మీరే రాశారు. మార్చి దూరంగానే కనిపిస్తుంది. కానీ ప్రీ ఫైనల్స్ మొదలైతే స్కూల్లో కొత్తగా పాఠం చెప్పరు, రివిజన్ తప్ప. కాబట్టి మొదలుపెట్టాల్సిన రోజు ఇప్పటికే వచ్చేసింది. వారానికి రెండు సాయంత్రాలు ముప్పావు గంట చొప్పున చాలు. మీరే చెప్పాలని లేదు, అపార్ట్‌మెంట్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉంటారు కదా, అడిగి చూడండి.

అత్తయ్యగారి సుగర్ దగ్గర కాస్త ఎక్కువ చెప్తాను. తేదీ లేని ముఖ్యమైన పని ఎలా వెనక్కి పోతుందో దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపున ఉండక్కర్లేదు. ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తాడు. దానికి మీరు సెలవు పెట్టే పనే లేదు. కంటి పరీక్ష మాత్రం వేరు. సుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు చూపులో తేడా ఏమీ తెలియకపోవచ్చు. తేడా తెలిసేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు. అందుకే బాగున్నా ఏడాదికోసారి చూపించమంటారు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి పక్కన మనిషి ఉండాలి, సగం పూట పడుతుంది. మీకు దగ్గర్లో హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. "వీలు చూసుకుని తీసుకెళ్తాం" అంటే ఆ వీలు రాదు. ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. తేదీ లేని పనికి తేదీ పుట్టించడం అంటే ఇదే.

ఇలాంటిదే మీ పీఎఫ్ నామినేషన్. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరి, అప్పుడు అమ్మానాన్నల పేరు రాసి వదిలేశామన్నారు. పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ వేయాలి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. దీన్ని గుర్తు చేస్తూ మీకు ఎవరూ ఫోన్ చేయరు.

మన ఫిషింగ్ హార్బర్‌లో చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన రూలు అది. ఆ రోజుల్లోనే బోట్లకు చెక్క పని, రంగులు, ఇంజిన్ పని, వలల మరమ్మతు అన్నీ చేసుకుంటారు. వేట బాగా సాగుతున్నప్పుడు "ఓ వారం ఆపి అడుగు భాగం చూద్దాం" అని ఏ బోటు ఓనరూ అనడు. అంత క్రమశిక్షణ ఎవరికీ ఉండదు, ఉండాలని ఆశించడమూ తప్పే. క్యాలెండర్‌లో ముందే కోసి పెట్టిన ఖాళీ ఉంటే ఆ పనులు జరుగుతాయి. సర్టిఫికేషన్ చదువుకు మీరు అలాంటి ఖాళీ ఒకటి కోసి పెట్టాలి. పరీక్ష ఫీజు కట్టి తేదీ బుక్ చేయకపోతే ముందు ఆ పని చేయండి. తర్వాత వారంలో రెండు పూటలు గంటన్నర చొప్పున దానికి రాసి, ఆ టైం మీది కాదనుకోండి.

టైం ఎంత ఉందో కూడా లెక్క కట్టాలి. మీరు పంపిన జాబితాలో పనులున్నాయి కానీ గంటలు లేవు. వంట, ప్రయాణం, ఆఫీసు పోను, పని రోజుల్లో రోజుకో గంట మిగులుతుందనుకుందాం. శని, ఆదివారాలు మూడేసి గంటలు. మొత్తం పదకొండు. మేం ప్లాంటులో రిపేరు క్రూకి ఉన్న గంటలన్నీ ప్లాన్ పనులతో ఎప్పుడూ నింపేవాళ్లం కాదు, బ్రేక్‌డౌన్లకు కొంత వదిలేవాళ్లం. ఇంట్లో మూడో వంతు వదలాలి. పనిమనిషి రాదు, మోటార్ కాలిపోతుంది, స్కూల్ నుంచి ఫోన్ వస్తుంది. మీకు ఏడెనిమిది గంటలు మిగులుతాయి. చదువుకు మూడు, బాబుకి గంటన్నర పోతే ఉన్నవి మూడు గంటలు. మీ జాబితాలో ఈ వారానికి రాసినవి చూస్తే పదిహేను గంటల పని పైనే ఉంటుంది. ఇది తెలిశాక టెన్షన్ పెరుగుతుందేమో అనుకోకండి. ఎందుకు అవ్వడం లేదో లెక్క దొరికింది కాబట్టి తగ్గుతుంది.

మూడు గంటల్లో పట్టనివి ఎవరికో ఇవ్వాలి, లేదా వచ్చే వారానికి తోయాలి, లేదా కొట్టేయాలి. ఇవ్వడానికి మొదటి మనిషి మీ వారే. షిఫ్ట్ డ్యూటీ మనిషిని ఇంట్లో అందరూ "పాపం నిద్ర ఉండదు" అని వదిలేస్తారు. కానీ బ్యాంకులు, ఆఫీసులు తెరిచి ఉండే టైంలో ఖాళీగా దొరికేది ఆయనే. బి షిఫ్ట్ వారంలో మధ్యాహ్నం రెండు గంటల డ్యూటీకి బయల్దేరేదాకా పొద్దున ఆయనదే. బ్యాంకు, కరెంటు ఆఫీసు, టైలర్ పనులు అప్పుడు. పొద్దున డ్యూటీ ఉండే "ఎ" షిఫ్ట్ వారంలో మధ్యాహ్నం రెండుకి దిగుతారు కాబట్టి సాయంత్రం బాబుతో కూర్చోగలరు. సి షిఫ్ట్ వారంలో మాత్రం ఆయన్ని కదపకండి. రాత్రంతా మెలకువగా ఉన్న మనిషికి పొద్దున పది గంటలకు ఆసుపత్రి పని పెట్టడం తప్పు, పైగా బండి నడపాలి కూడా. అత్తయ్యగారి కంటి పరీక్ష ఆయన వీక్లీ ఆఫ్ రోజున పెట్టండి. మీ వారం సోమవారం మొదలవ్వాలని ఏమీ లేదు. ఆయన షిఫ్ట్ మారే రోజు నుంచి మొదలుపెట్టి చూడండి, చాలా పనులు వాటి చోట అవే సర్దుకుంటాయి.

బయటి పనులను ముఖ్యం, అర్జెంట్ అని కాకుండా దిక్కు చూసి కట్టలు కట్టుకోవాలి. మధురవాడ నుంచి సిటీలోకి వెళ్లి రావడానికే గంటన్నర పోతుంది, సాయంత్రం హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు పనులన్నీ ఒక ట్రిప్‌లో. ఎంవీపీ రైతు బజార్‌కి వెళ్లే రోజున ఆ చుట్టుపక్కల పనులు. ఒక్క పని కోసం సిటీలోకి వెళ్లాలంటే దానికి నిజంగా తేదీ ఉండాలి, లేకపోతే తోడు ఇంకో పని దొరికేదాకా ఆగాలి. గాజువాక వైపు ఏదైనా ఉంటే మీ వారు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు చూసుకుంటారు.

కొట్టేయాల్సినవి రెండు కనిపించాయి. అసోసియేషన్ లెక్కలు ఈ ఏడాది మీటింగ్‌తో ఇంకొకరికి అప్పజెప్పండి. "ఈసారి వీలు కాదండీ" అని ఇప్పుడే చెప్తే మనిషిని వెతుక్కునే టైం వాళ్లకూ ఉంటుంది. రెండోది, మీరు ప్రతి ఆదివారం చేస్తున్న అలమరా సర్దుడు. అది పని కాదు, అలసిన మనసుకి సులువుగా దొరికిన పని. సర్దితే హాయిగా ఉంటుందంటే సర్దుకోండి, జాబితాలో మాత్రం రాయకండి.

ప్లాన్ వేశాక వారం మధ్యలో కొత్త పని వస్తే, దేన్ని తీసి దీన్ని పెడుతున్నానో రాయకుండా ఒప్పుకోకండి. మా దగ్గర ఇదొక్కటే గట్టి రూలు. షెడ్యూల్ ఖరారయ్యాక ఎవరైనా పని చొప్పించాలంటే, అంతే గంటల పని ఒకటి తీసేయాలి, ఏది తీసేశారో సంతకం పెట్టాలి. సగం మంది సంతకం దగ్గరే వెనక్కి తగ్గేవాళ్లు. నిజమైన ఆపదకు ఇది వర్తించదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన వారం ఈ ఊళ్లో ఎవరి ప్లానూ నిలవలేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. ఇంట్లో కాస్త నగదు, కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నవాళ్లు కొంత నయం. ఆ రెండూ ఏ తొందరా లేని రోజున చేసుకున్న పనులు. మీ జాబితాలో అవి లేవు, కలపండి.

ఈ వారానికి ఇది చాలు: ఇన్సూరెన్స్ కట్టడం, టైలర్‌కి ఫోన్, కంటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్, పరీక్ష తేదీ బుకింగ్. నాలుగూ ఫోన్ పనులే, ఈ రాత్రి ఒక గంటలో అయిపోతాయి. మీ వారి వచ్చే నెల షిఫ్ట్ రోస్టర్, వీక్లీ ఆఫ్ ఏ రోజో, టైలర్ చెప్పిన తేదీ ఇక్కడ రాయండి. ఏ పని ఏ రోజు పెట్టాలో అప్పుడు కూర్చుని వేద్దాం.